నీటికి అప్పగించుకుంటే

కార్తికంలో తెల్లవారుజామున ఏటి ఒడ్డుకు వెళితే, మూడు మునకలు వేసి గబగబా మెట్లెక్కేవారే ఎక్కువగా కనిపిస్తారు. నదిని తల్లీ అని మొక్కుతాం. ఆ తల్లి ఒడిలో నిమిషం సేపు ఉండాలంటే మాత్రం భయం. నడివయసు దాటినవారిని నేను కోరేది ఒక్కటే: ఈత నేర్చుకోండి. అదీ ఉపాసనే.

ఈతలో మొదటి పాఠం చేతులు కొట్టడం కాదు, తేలడం. వెల్లకిలా పడుకుని, మెడ వదిలేసి, గుండెల నిండా ఊపిరి పీలిస్తే ఒళ్ళు పైకి లేస్తుంది. భయంతో బిగుసుకున్నామా, కాళ్ళు కిందికి దిగిపోతాయి. పిల్లలకు ఇది తొందరగా పట్టుబడుతుంది. పెద్దలకే కష్టం. అన్నీ మన చేతుల్లోనే ఉండాలన్న పట్టు వయసుతోపాటు ముదురుతుంది కదా! శరణాగతి గురించి ఎన్ని ప్రవచనాలు విన్నా అది ఒంటికి తెలిసేది ఇక్కడే. మొసలి పట్టుకున్న గజేంద్రుడు బలమంతా ఉడిగాక హరిని పిలిచాడు. మనం అందాకా ఆగనక్కర్లేదు.

ముఖం నీళ్ళలో ఉన్నప్పుడు ఊపిరి వదలాలి, పక్కకు తిప్పినప్పుడు పీల్చాలి. ఈ లయ కుదిరాక మనసు ఎటూ పోదు. ప్రాణాయామం చేసేవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. మోకాళ్ళ నొప్పులతో నడక మానేసినవారికైతే నీరు పెద్ద దిక్కు. మెడలోతు నీళ్ళలో కాళ్ళమీద పడే భారం సుమారు పదో వంతే.

1892 డిసెంబరులో వివేకానందుడు కన్యాకుమారి తీరం నుంచి సముద్రంలోని శిలకు ఈదుకుంటూ వెళ్ళి అక్కడ ధ్యానం చేశాడని ఆయన చరిత్రలు చెబుతాయి. ఆయన్ని ధ్యానం దాకా చేర్చింది ఆయన భుజాలే. తండ్రి బిడ్డకు చేయవలసిన పనుల్లో ఈత నేర్పడాన్నీ కొందరు గురువులు చేర్చారని యూదుల ధర్మగ్రంథం తాల్ముద్‌లోనూ ఉంది.

మన పల్లె బావుల్లో ఎవరూ ఒంటరిగా ఈత నేర్చుకోలేదు. నడుముకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టి, గట్టుమీద మామయ్యో అన్నయ్యో నిలబడేవాడు. ఆ బావులు చాలావరకు పూడిపోయాయి. పట్టణాల్లో కొలనులు వచ్చాయి. పిల్లలు దూరదేశాలకు వెళ్ళిపోయి, పలకరించే మనిషి లేక టీవీ ముందు మిగిలిపోయిన పెద్దలకు పొద్దున్నే అక్కడ నలుగురు తోడవుతారు. ఒకరోజు వెళ్ళకపోతే ఫోన్ చేసి అడుగుతారు. అంతకన్నా సత్సంగం ఏముంది?

గుండె జబ్బు, మూర్ఛ ఉన్నవారు వైద్యుణ్ణి అడిగాకే దిగాలి. ఏట్లోనో చెరువులోనో కాదు, శిక్షకుడున్న కొలనులోనే మొదలుపెట్టాలి. ఒంటరిగా వెళ్ళకండి. మీ వీధిలో మీలాగే జంకుతున్న ఇంకొకరిని వెంటబెట్టుకు వెళ్ళండి.