ఆ కుండీకి చూసి నీళ్లు పొయ్యమ్మా

అమ్మలూ, కంభంలో కొత్త కాపురం పెట్టుకుని ముందు గదిలో మనీ ప్లాంట్ తెచ్చి పెట్టావని విని సంతోషించాను. తేలిగ్గా బతికే మొక్కనే ఎంచుకున్నావు. ఎరువులూ మందులూ తర్వాత చూసుకోవచ్చు, ముందు నీళ్ల సంగతి విను.

ఇళ్లలో మనీ ప్లాంట్ ఎండిపోయి చచ్చేది తక్కువ, నీళ్లెక్కువై చచ్చేదే ఎక్కువ. మన ఎండలు చూసి జాలిపడి రోజూ చెంబెడు పోసేస్తాం. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేళ్లకు గాలి ఆడక కుళ్లిపోతాయి. వేరు కుళ్లితే ఆకుకు నీళ్లందవు, ఆకు వాడుతుంది. వాడింది కదా అని ఇంకో చెంబు పోస్తాం! అందుకే పోసే ముందు వేలు రెండు కణుపుల దాకా మట్టిలో గుచ్చి చూడు. పొడిగా తగిలితే కింది చిల్లులోంచి కారేదాకా పొయ్యి. తడి తగిలితే ఆ రోజుకు దాని జోలికి పోవద్దు. మే నెలలో రెండు మూడు రోజులకోసారి పోయాల్సి రావచ్చు, చలికాలంలో వారం పది రోజులైనా అక్కర్లేకపోవచ్చు. కింది ఆకులు వరసగా పసుపుబారుతూ మట్టి తడిగా ఉందంటే నీళ్లు ఎక్కువైనట్టే. ఆకు వేలాడుతూ మట్టి పొడిబారి ఉంటే మాత్రం దాహమే. పొద్దున పోస్తే మాపటికి నిలబడుతుంది.

ఏ నీళ్లు పోస్తున్నావన్నది ఇంకో సంగతి. మన కనిగిరి, మార్కాపురం వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత చేటు చేసిందో నీకు చెప్పక్కర్లేదు. ఆ ఫ్లోరైడ్, ఉప్పు మొక్కలకూ పడవు. వేరు పీల్చిన నీళ్లు ఆకులోంచి ఆవిరైపోతాయి, ఫ్లోరైడ్ మాత్రం ఆకు కొసల్లో మిగిలిపోతుంది. స్పైడర్ ప్లాంట్, లక్కీ బాంబూ లాంటివి దానికి తొందరగా లొంగి కొసలు మాడ్చుకుంటాయి. మనీ ప్లాంట్ కాస్త గట్టిది, ఓర్చుకుంటుంది. అయినా కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర కట్టిందంటే ఉప్పు పేరుకుపోతోందని తెలుసుకో. రాత్రంతా బిందెలో నిలవ ఉంచినా, కాచి చల్లార్చినా ఫ్లోరైడ్ పోదు. కాస్తే నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది కూడా.

నువ్వు పొదుపరివి కాబట్టి ఇదొకటి గట్టిగా చెబుతున్నాను. ఆర్వో మిషన్ బయటికి వదిలే నీళ్లు వృథా ఎందుకని కుండీల్లో పోయకు. మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా చేరేది అందులోకే. వాటితో గచ్చు కడుక్కో. మొక్కకు వాననీళ్లకు మించినవి లేవు. రెండు కొండల నడుమ కట్ట వేసి వాననీళ్లను చెరువుగా ఆపిన ఊరు మనది, దాబా మీద పడే వాన రెండు బకెట్లు పట్టుకోలేమా? ఏసీ గొట్టంలోంచి కారే నీళ్లలోనూ ఉప్పుండదు, అవీ పనికొస్తాయి. మంచి వాన పడ్డ రోజు కుండీని బయట పెట్టు. పేరుకున్న ఉప్పు కింది చిల్లులోంచి కొట్టుకుపోతుంది.

మట్టి కలిపేటప్పుడు చెరువు మట్టి బలమని అదొక్కటే నింపకు. కుండీలో అది గట్టిపడి నీళ్లు దిగనివ్వదు. ఎర్రమట్టి రెండు పాళ్లు, చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు చాలు.

ఈ తీగ సొంత ఊరు పసిఫిక్ సముద్రంలో ఫ్రెంచి పాలినేషియాలోని మూరియా దీవి. అక్కడ పెద్ద చెట్ల నీడన పుట్టి మానులను పట్టుకుని పైకెక్కుతుంది. అందుకే దీనికి వెలుతురు కావాలి, మండే ఎండ వద్దు. తూర్పు కిటికీ మంచిది. పడమటి కిటికీలో మన ఏప్రిల్ ఎండకు ఆకులు మాడతాయి. మరీ చీకటి మూలన పెడితే ఆకు మీద పసుపు చారలు పోయి ఉత్త పచ్చగా మారుతుంది. పైకెక్కే కొద్దీ ఆకు పెద్దదవడం దీని గుణం. అడవిలో చేటంత అవుతుంది. కొబ్బరి పీచు చుట్టిన కర్ర ఒకటి పాతి కట్టు, ఊడలతో పట్టుకుని తనే ఎక్కుతుంది.

దొంగతనంగా తెస్తేనే పెరుగుతుందన్న మాట పట్టించుకోకు. పక్కింటివాళ్లను అడిగి, కణుపుకు కాస్త కింద కోసి తెచ్చుకో. వేరు వచ్చేది ఆ కణుపు దగ్గరే. ఇంట్లో గాలిని శుభ్రం చేస్తుందనీ అంటారు. ఆ మాటకు ఆధారంగా చూపే, 1989లో నాసా చేసిన పరీక్ష మూసిన పెట్టెల్లో జరిగింది. తలుపులూ కిటికీలూ ఉన్న ఇంట్లో అంత ఫలితం రావాలంటే గది మొక్కలతో నిండిపోవాలని 2019లో లెక్క కట్టారు. గాలి కావాలంటే కిటికీ తెరువు, మొక్కను దాని అందానికి పెంచుకో.

పసిపిల్లలు వచ్చే ఇల్లు కదా, తీగను వాళ్ల చేతికందకుండా ఎత్తున పెట్టు. ఇది చామ, కంద కుటుంబానిదే. ఆకు నమిలితే నోరూ నాలుకా దురద పెట్టి వాస్తాయి. పిల్లికీ కుక్కకీ అంతే.

చివరగా, వంటింటి గట్టు మీద సీసాలో పెట్టిన తీగ గురించి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి నిలవ నీళ్లలోనే. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. గుడ్లు సీసా గోడకు అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పారబోస్తే సరిపోదు, లోపల బ్రష్‌తో రుద్ది కడగాలి. వారానికోసారి తప్పకుండా చెయ్యి తల్లీ, ఈ ఆదివారమే మొదలుపెట్టు.