ఎంత దూరంలో నిలబడాలి?

డిజిటల్ కెమెరా కొత్తగా కొన్నవాళ్ళకి ముందు పట్టుకునే బెంగ లెన్సుల గురించే. పెట్టెతో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల లెన్సు ఉండనే ఉంటుంది. నెల తిరక్కుండానే మనసు 70-300 మీదికి పోతుంది. దూరాన ఉన్నది దగ్గరికి లాక్కొస్తుందంటే ఎవరికి చేదు?

కొమ్మమీది పిట్టకైతే పొడుగు లెన్సే న్యాయం. దగ్గరికెళితే ఎగిరిపోతుంది. మరి పుష్కరాల రేవులో తడిబట్టలతో మునకలేస్తున్న ఆడమనిషి సంగతి? ఆవిడ పిట్ట కాదు కదా! “ఎంత సహజంగా వచ్చిందో” అని మనం మురిసిపోయే ఆ సహజత్వమంతా ఆవిడకి తెలియకపోవడమే. దాన్ని అడక్కుండా తీసుకోవచ్చునా?

1892లో రాజా దీనదయాళ్ హైదరాబాదులో ఆడవాళ్ళకోసం జనానా స్టూడియో పెట్టి, ఫోటోలు తీయడానికి ఆడమనిషినే నియమించారు. పరదా నాకు నచ్చదు. అయినా తీసేదెవరో తీయించుకునేవాళ్ళకి తెలిసుండాలన్న మర్యాద అందులో ఉంది.

నన్నడిగితే ముందు 50 కొనమంటాను. ధర తక్కువ. 1.8 దాకా తెరుచుకునేది దొరుకుతుంది గనుక వంటింటి దీపం వెలుతురైనా చాలు. చిన్న సెన్సారున్న కెమెరాకి తగిలిస్తే ఇంచుమించు 75లా పనిచేస్తుంది, ముఖాలకి బాగుంటుంది. (మరీ దగ్గర్నించి తీస్తే ముక్కు పెద్దదవుతుంది. ఆ పాపం లెన్సుది కాదు, మనం నిలబడ్డ దూరానిది.) దీనికి జూమ్ లేదు, నడిచే వెళ్ళాలి. వెళ్ళాక “తీసుకోనా అమ్మా?” అనక తప్పదు. ఆవిడ కొంగు సర్దుకుంటుంది. సహజత్వం పోయిందంటారా? కొంగు సర్దుకోవడం మాత్రం సహజం కాదూ?

ఒక్కోసారి “వద్దులే తల్లీ” అంటుంది. అప్పుడు కెమెరా సంచీలో పెట్టేయాల్సిందే. ఈ లెన్సుతో ఉన్న చిక్కల్లా అదే.