దర్పం దిగితేనే దర్శనం

ఎదుటి మనిషిని ఉన్నది ఉన్నట్టు చూడనివ్వనిది గర్వం. భగవద్గీత 16వ అధ్యాయం ఆసురీ గుణాలను చెబుతూ దంభాన్ని, దర్పాన్ని, అభిమానాన్ని ముందు వరుసలో నిలిపింది. ఇవి భక్తికి ఎంత అడ్డో, ప్రేమకూ అంతే అడ్డు. ఈ సత్యాన్ని కథగా చెప్పిన కావ్యం కాళిదాసు కుమారసంభవం. దానికి సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథ సూరి మన ఉమ్మడి మెదక్ జిల్లా కొల్చారం వాడు.

తపస్సులో ఉన్న శివుడికి పార్వతి రోజూ పూలు కోసి, వేదిక శుభ్రం చేసి సేవలు చేసేది. వసంతుణ్ణి వెంటబెట్టుకుని మన్మథుడు వచ్చిన రోజు, అశోక పూలు, కొండగోగు పూలు సింగారించుకుని తామర గింజల మాల స్వామికి అందించింది. శివుడి మనసు క్షణకాలం చలించింది. అంతలోనే మూడో కన్ను తెరుచుకుంది, మన్మథుడు బూడిదయ్యాడు. అందం మీద ఆమె పెట్టుకున్న భరోసా కూడా ఆ మంటలోనే కాలిపోయింది. తన రూపాన్ని తానే నిందించుకుని, తల్లి మేన వారించినా వినక నారచీర కట్టింది. రాలిన ఆకులు కూడా ముట్టక అపర్ణ అయింది.

అప్పుడొక బ్రహ్మచారి వచ్చాడు. ఒంటి మీద జింక చర్మం, చేతిలో మోదుగ దండం. ఆమె ఎవరి కోసం తపిస్తోందో చెలికత్తె నోట విని, శివుణ్ణి చెడామడా ఆడిపోసుకున్నాడు. పెళ్లినాడు నీ చేయి పట్టే చేతికి పాము చుట్టుకుని ఉంటుందన్నాడు. నీ పట్టుచీరకు జోడీ నెత్తురోడే ఏనుగు తోలన్నాడు. ఊరేగింపుకు ముసలి ఎద్దు, పుట్టుక ఎవరికీ తెలియదు, ఆస్తి సంగతి కట్టుబట్ట లేకపోవడంలోనే తెలుస్తోందన్నాడు. పెళ్లిచూపుల్లో మనం లెక్కపెట్టేవీ అవే: రూపం, కులగోత్రాలు, ఆస్తి.

పార్వతి పెదవి అదిరింది, కనుబొమలు ముడిపడ్డాయి. ఏమీ లేనివాడే సకల సంపదలకు మూలమని, శ్మశానవాసే ముల్లోకాలకు నాథుడని బదులిచ్చింది. అతను మళ్లీ నోరు తెరవబోతే, పెద్దల నింద వినడమూ పాపమేనని వెళ్లిపోబోయింది. బ్రహ్మచారి శివుడై ఆమెను ఆపి పట్టుకున్నాడు. ఆమె ఎత్తిన అడుగు ఎత్తినట్టే ఉండిపోయింది. సింగారానికి లొంగనివాడు తపస్సుకు దాసుడయ్యాడు.

ఆ శివుణ్ణే మనం కొమురవెల్లిలో మల్లన్నగా కొలుస్తాం. పుట్టమన్నుతో చేసిన స్వామికి అటు బలిజల ఆడబిడ్డ మేడలమ్మ, ఇటు గొల్లల ఆడబిడ్డ కేతమ్మ దేవేరులు. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, బియ్యప్పిండితో ఎంతో ఓపికగా పెద్దపట్నం అనే ముగ్గు వేస్తారు. భక్తులు దాన్ని తొక్కి దాటుతారు. ఎంత సొగసైనదైనా స్వామి ముందు నిలుపుకోవలసింది కాదని ఆ పట్నం నేర్పుతుంది.

దర్పం ప్రేమకు అడ్డన్న ఈ మాటనే ఒక ఇంగ్లిష్ నవల కూడా చెబుతుంది. రచయిత్రి జేన్ ఆస్టిన్ 1813లో వెలువరించిన ఆ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’కు మొదట పెట్టుకున్న పేరు ‘ఫస్ట్ ఇంప్రెషన్స్’. అందులో నాయకుడు డార్సీ ఒక డ్యాన్సు విందులో నాయిక ఎలిజబెత్‌ను తనతో ఆడేంత అందగత్తె కాదని తీసిపారేశాడు. ఆ మాట ఆమె చెవిన పడింది. ఇక అతని మీద విక్‌హమ్ అనేవాడు చెప్పిన చాడీలన్నీ ఇట్టే నమ్మింది. డార్సీ పెళ్లి ప్రస్తావన తెచ్చినప్పుడు కూడా ఆమె కుటుంబం తనకంటే తక్కువదని ఎత్తిపొడుస్తూనే తెచ్చాడు. ఆమె కాదు పొమ్మంది. తర్వాత అతని ఉత్తరం చదివి తన చూపులోని దోషం తెలుసుకుంది. డార్సీ కూడా మారాడు. ఆమె చెల్లెలు లిడియా పరువు పోకుండా డబ్బు పెట్టి ఆదుకుని, ఆ సంగతి గుట్టుగా ఉంచమన్నాడు. పేరు ఆశించకుండా చేసిన ఆ మేలే అతని తపస్సు.

ఇవాళ సంబంధం అనగానే ఫోన్‌కు ఫొటో, బయోడేటా వస్తాయి. జీతం, పొలం, ప్లాటు చూసి క్షణంలో తేల్చేస్తున్నాం. పిల్ల నచ్చలేదనో, పిల్లగాడు మన స్థాయి కాదనో అనే ముందు మనసును నిలదీయాలి: వద్దంటున్నది నా వివేకమా, నా దర్పమా? పార్వతిని పరీక్షించిన పరమేశ్వరుడు మారువేషంలోనే వచ్చాడు. మన గడప తొక్కేవాళ్లలో ఆయన ఏ రూపాన ఉన్నాడో మనకు తెలియదు. కనుక వచ్చినవాళ్లను వినయంతో చూడటమే ముందుగా చేయవలసిన పూజ.