అడ్రసుకు మైల ఉంటుందా?

కొత్తగా బ్యాంకు ఆఫీసరునైన రోజుల్లో ఒక తెలుగు మేస్త్రీ ఖాతా తెరవడానికి వచ్చాడు. ఫారంలో ‘కామాఠీపురా’ అని చూడగానే నా కలం ఆగింది. “వేరే అడ్రసు లేదా?” అన్నాను. “మా తాత పుట్టింది గాడనే సార్. వేరేది యాడికెల్లి తేవాలె?” అన్నాడు.

ఇన్నేళ్లకు, మొన్న ఒక ఆదివారం, నంబర్లతో పిలిచే ఆ గల్లీల్లో తిరిగాను. చాల్ వరండాలో ఒక పెద్దమ్మ “ఏ ఊరు బిడ్డా?” అని పలకరించి చాయ్ ఇచ్చింది. 18వ శతాబ్దం చివరినుంచి నిజాం రాజ్యం వదిలి వచ్చి, ముంబయిలో రోడ్లు వేసి మేడలు కట్టిన కామాఠీల పేరే ఆ పేటకు నిలిచింది. కామాఠీ అంటే కూలిపని చేసుకునే మనిషి. బ్రిటిషు కాలంలో కొన్ని గల్లీలు వేశ్యావాటికలయ్యాయి. లోకానికి అదొక్కటే గుర్తుంది.

“మనవాళ్లు కష్టజీవులు, ఆ ఆడవాళ్లు వేరు” అని సర్దిచెప్పుకోబోయాను. మనసొప్పలేదు. వాళ్లూ బతుకుతెరువు లేకో, మోసపోయో అక్కడికి చేరినవాళ్లే కదా! తప్పు పద్దును పక్క ఖాతాలోకి మార్చినంతమాత్రాన లెక్క సరికాదు. సిగ్గుపడవలసింది అడ్రసు రాసిన మేస్త్రీ కాదు, ఆ గల్లీలో ఉన్న ఆడమనిషీ కాదు. కలం ఆపిన నేను.