పాటకు కూలి

స్వరములు కూర్చి సొమ్ము పుచ్చుకొనుట తగునా యని కొందరు విశ్వాసులు అడుగుచుందురు. నెలజీతము లేక, దొరికిన పనినిబట్టి బ్రదుకు సంగీతకర్తకు ఆ కూలియే కూడు. లూకా 10:7 చూడుడి.

హేండెల్ 1741లో ‘మెస్సీయ’ను 24 దినములలో వ్రాసెను. 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో జరిగిన తొలి కచ్చేరీ సొమ్ము అప్పులపాలై చెరలోనున్నవారికిని, రెండు ఆసుపత్రులకును చెందెను. అంతకుముందు అదే పట్టణములో ఆయన తన ఇతర కచ్చేరీలకు ముందుగా టిక్కెట్లు అమ్ముకొనెను. అమ్ముకొనుట ఆయన హక్కు. ఇచ్చుట ఆయన ప్రేమ.

ప్రియులారా, “దేవుని పనియే గదా” యని పాట కట్టినవాని కూలి ఎగవేయుట ఆ ప్రేమను దొంగిలించుటయే. కానుక ఇచ్చువాని చేతిలో పుట్టును. పుచ్చుకొనువాని నోట కాదు. మొదట కూలి చెల్లింతము. ఆపైన ఆతడు ఇచ్చునదే కానుకయగును.