పదవి కోరితే పాపమా?

ఉరవకొండ మాది. డిగ్రీ కాలేజీల్లో తెలుగు చెప్పి రిటైరయినాను. ఆడవాళ్లకు ప్రిన్సిపాల్ కుర్చీ ఎట్లా దూరమవుతుందో దగ్గరుండి చూసినదాన్ని. ఎవరూ తోసెయ్యరు. సీనియారిటీ లిస్టులో పేరొస్తుంది, ప్రమోషన్‌తో పాటే దూరపు ఊరికి పోస్టింగు వస్తుంది, ఇంట్లో పంచాయితీ మొదలవుతుంది. చివరకు ఆమే తెల్లకాగితం తీసుకొని ప్రమోషన్ వద్దని రాసిస్తుంది.

ఆ కాగితం కంటే దానికి చెప్పే కారణమే నాకు మింగుడుపడదు. నాతో పనిచేసిన ఒకావిడకు వాళ్లత్త పెన్నహోబిలం స్వామి దర్శనం చేసుకొని వస్తూ ఆటోలో చెప్పిందంట: “ఫలం ఆశించకుండా పని చెయ్యమని గీతలోనే ఉంది గదమ్మా, నీకెందుకు కుర్చీ మీద ఆశ?” ఆవిడ పెద్దామెకు ఎదురు చెప్పలేదు. కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ టీం వచ్చే ముందు ఏడు క్రైటీరియాల ఫైళ్లూ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చొని సర్దింది ఆవిడే. టీం దిగిన రోజు శాలువాలు కప్పి ఫొటోలో మధ్యన నిలబడింది ఇంకో సారు.

గీత మాట ఎత్తినారు కాబట్టి అడుగుతాను. యుద్ధం నావల్ల కాదని విల్లు పక్కన పడేసి రథంలో కూలబడినవాణ్ణి లేపడానికి చెప్పిన మాటలవి. వాటితోనే మనం నిలబడిన ఆడమనిషిని కూర్చోబెడుతున్నాం. ఫలం మీద ఆశ వదలమన్నారు గానీ పని వదలమన్నారా? కాలేజీ నడపడం పని కాదా? మా కరువు సీమలో ప్రిన్సిపాల్‌కు దక్కే ఫలం ఏముంది, నీళ్ల ట్యాంకరు గొడవ తప్ప!

యోగవాసిష్ఠంలో చూడాలాదేవి కథ ఉంది. శిఖిధ్వజ మహారాజు భార్య. జ్ఞానం ఆమెకే ముందు అబ్బింది, చెబితే మొగుడు నమ్మలేదు. ఆయన అడవికి తపస్సుకు పోతే రాజ్యం ఆమే ఏలింది. కుంభుడనే బ్రాహ్మణ కుర్రవాడి వేషంలో పోయి బోధిస్తే అప్పుడు చెవికెక్కింది. వేదాంతులు ఇందులో ఎన్నో అర్థాలు చెబుతారు. నాకు మాత్రం మా స్టాఫ్‌రూమే కనిపిస్తుంది. ఆడలెక్చరర్ అన్నమాట గాలికి పోతుంది, అదే మాట పక్కసారు అంటే మినిట్స్‌లోకెక్కుతుంది.

ఆ వాసిష్ఠాన్ని తెలుగు చేసినవాళ్లలో మన సీమ మనిషీ ఉంది, 18వ శతాబ్దపు తరిగొండ వెంగమాంబ. తిరుమలలో అన్నప్రసాద భవనానికి ఆమె పేరు పెట్టినారు. అక్కడ భోంచేసి వచ్చినవాళ్లను ఆమె రాసిన పుస్తకం ఒకటి చెప్పమనండి. అన్నం పెట్టిన చేతికి మనమిచ్చే గౌరవం ఘంటం పట్టిన చేతికివ్వం.

తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. అది ఆడవాళ్లదే కాబట్టి అక్కడ ఆడవాళ్లు వీసీలయితే ఎవరికీ వింత లేదు. అయితే 2025లో ప్రసన్నశ్రీ గారు రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయానికి వీసీ అయినారు. గిరిజన కుటుంబంలో పుట్టి, లిపి లేని గిరిజన భాషలకు లిపులు తయారుచేసిన మనిషి. అంత పని చేసినావిడ పదవి కోరితే దురాశ అనగలమా? వీసీ పోస్టుకయినా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే, ఇంటికొచ్చి బొట్టుపెట్టి ఎవరూ పిలవరు.

అమ్మా, ఈసారి లిస్టులో మీ పేరొస్తే వద్దని రాసిచ్చే ముందు ఆ పోస్టింగు ఊరు ఒకసారి చూసి రండి. ఇంట్లో ఎవరైనా గీత మాటెత్తితే మొదటి అధ్యాయం నుంచి చదవమనండి.