జెట్టులో పిన్ను పెట్టవద్దు
(వాక్యభాగములు: గలతీ. 6:1, 2 కొరింథీ. 2:6–8)



గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయము మొదటి వచనమును మనలో అనేకులు కంఠస్థముగా ఎరుగుదురు. తప్పులో చిక్కుకొనిన సహోదరుని ఆత్మీయులైనవారు నెమ్మదిగల మనస్సుతో సరిచేయవలెనని పౌలు భక్తుడు అక్కడ కోరుచున్నాడు. గ్రీకు భాషలో ఆయన వాడిన పదము కతార్తిజో. మార్కు 1:19లో జెబెదయి కుమారులు పడవలో కూర్చుండి తెగిన వలలను సరిచేసికొనుచున్నారే, అక్కడ ఉన్నదియు ఈ పదమే. ఎఫెసీ 4:12లో దీనినుండి పుట్టిన నామవాచకము కనబడును. ఆనాటి వైద్యులు తొలగిన ఎముకను కూర్చుటకు కూడ దీనినే వాడిరి. మనవారు పుత్తూరు కట్టు అంటారే, ఆ పని. కచేరీలో తీర్పు చెప్పువాని నోటి మాట కాదిది, చేతితో పనిచేయువాని మాట.

దీని అర్థము నాకు బాగుగా బోధపడినది ఒక మెకానిక్ షెడ్డులో. చదువరులు నవ్వుకొన్నను సరే, ఆ సంగతి కొంచెము వివరముగానే వ్రాయుదును.

సిరొంచ మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొన. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలియు చోటికి దగ్గర. ఏటి ఆవలి గట్టున కాళేశ్వరం. 1982లో చంద్రపూరు నుండి ఈ జిల్లా వేరుపడినది. కచేరీ కాగితము మరాఠీలో, బజారు బేరము తెలుగులో నడుచు ఊరు. అక్కడి పాత మిషను పని మెథడిస్టులది. ఆ ప్రాంతపు ఒక విశ్వాసి ఇంటిలో తండ్రి కాలపు పెట్రోలు జీపు కలదు. మహీంద్రావారు 1947లో విల్లీస్ జీపులను మన దేశములో కూర్చుట మొదలుపెట్టిరి; ఆ వంశపు బండియే ఇది. తండ్రి ప్రభువునందు నిద్రించిన తరువాత నాలుగేండ్లు కొట్టములో నిలిచిపోయినది. ఆపైన స్టార్టు చేయబోతే దగ్గు, నల్లని పొగ, క్రిందికి పెట్రోలు చుక్కలు. తీసి పారవేసి డీజిలు ఇంజను పెట్టించుమని కొందరు సలహా యిచ్చిరి. కుమారునికి మనసొప్పలేదు.

ప్రాణహిత దాటి చెన్నూరు మీదుగా మంచిర్యాల వైపు పోగా, జీవితమంతయు కార్బురేటర్ల పనియే చేసిన ఒక వృద్ధ మిస్త్రీ ఉన్నాడనిరి. అందరు ఆయనను ఉస్తాద్ అని పిలుచుదురు. మొదట మేము కార్బురేటరును మాత్రమే ఊడదీసి, గుడ్డలో చుట్టి తీసికొనిపోతిమి. ఆయన దానిని చేత పట్టుకొని, “బండి ఏది సార్? బండి లేకుంట దీన్ని ఏడ కూసోవెట్టి చూడాలె?” అనెను. మరల వెనుకకు వచ్చి, జీపును లారీమీద ఎక్కించి తీసికొనిపోవలసి వచ్చినది. సహోదరుని సంఘము బయట నిలువబెట్టి, బాగుపడిన తరువాత లోపలికి రమ్మని చెప్పు మన పద్ధతి నాకు అప్పుడే జ్ఞాపకము వచ్చినది.

కార్బురేటరు చేయు పని చెప్పుటకు సులభమే. లోనికి పోవు గాలి ఒక ఇరుకు గొంతు గుండా వేగముగా పోవుచు పెట్రోలును పీల్చుకొనును. తూకములో ఒక పాలు పెట్రోలుకు గాలి సుమారు 15 పాళ్లు. ఆ కొలతను కాపాడునవి జెట్లు అను చిన్న ఇత్తడి మరలు. వాటి మధ్య సూదిమొనంత బెజ్జము. బండి నిలిచిపోతే లోపలి పెట్రోలు ఆవిరియై, మిగిలినది జిగురుగా పేరుకొని ఆ బెజ్జములను పూడ్చివేయును. ఇప్పుడు వచ్చు పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలుపుచున్నారు. అది తేమను లాగును, పాత రబ్బరును పాడుచేయును. తిరుగు బండికి లేని రోగములు నిలిచిన బండికి వచ్చునని ఉస్తాద్ చెప్పెను. (ఆదివారము తప్ప మరే దినమును తలుపు తెరువని మందిరములను గూర్చి మరొకసారి వ్రాయుదును.)

ఆయన అన్నిటిని విప్పి, పాత గుడ్డమీద వరుసగా పేర్చెను. ఇత్తడి ఫ్లోటును చెవి దగ్గర ఆడించి వినెను. లోపల పెట్రోలు చేరినదేమోనని. దానిని వేడినీటిలో ముంచగా ఒకచోట బుడగలు లేచినవి. పెట్రోలుపై తేలవలసినది పెట్రోలునే లోపలికి రానిచ్చి బరువెక్కినది; అందుచేత నీడిల్ వాల్వు మూయబడక పైకి పొర్లుచున్నది. ఫ్లోటుకు మాటు పెట్టునప్పుడు ఎంత తక్కువ మాటు వాడెనో చూడవలసినది. ఎక్కువైతే బాగుచేసిన మాటు బరువుకే అది మునుగునట.

ఇంతలో షెడ్డులోని కుర్రవాడు, పని త్వరగా కావలెనని, సన్నని ఉక్కు తీగ తెచ్చి జెట్టులో దూర్చబోయెను. ఉస్తాద్ వాని చేయి పట్టుకొని, “ఏందిరా గది? పిన్ను పెట్టకు. బెజ్జం పెద్దగైతే గది ఇగ నూట ఇరవై జెట్టు కాదు” అనెను. ఆ జీపుకు తరువాతి కాలమున సోలెక్సు కార్బురేటరు అమర్చియుండిరి. దాని జెట్టుమీద చెక్కిన 120 అను సంఖ్యకు బెజ్జము 1.20 మిల్లీమీటర్లని అర్థము. తీగతో గీరినచో మురికి పోవును గాని కొలతయు పోవును. అటుతరువాత ఎంత తుడిచినను బండి పెట్రోలు త్రాగుచు, పొగ వదలుచునే యుండును. కనుక ఆయన జెట్లను మందులో రాత్రంతయు నానవేసి, మరునాడు కంప్రెసరు గాలితో ఊదెను. ఒక్కొక్కదానిని వెలుగుకు ఎత్తి, ఒంటికన్నుతో చూచెను. ఒక దానిని మూడుసార్లు నానబెట్టెను.

ఇప్పుడు సంఘపు సంగతికి వచ్చెదను. గడ్చిరోలి జిల్లాలో 1993 నుండి మద్యనిషేధము కలదు. నది దాటితే తెలంగాణలో దుకాణములు కలవు. సరిహద్దున ఒక చిన్న సంఘములో (ఊరి పేరు వ్రాయను) తాపీపని చేయు ఒక సహోదరుడు, ఆదివారపు బడి పిల్లలకు పాటలు నేర్పినవాడు, శనివారము సాయంత్రములు నది దాటుట మొదలుపెట్టెను. పెద్దలు మత్తయి 18వ అధ్యాయము ప్రకారము ఒంటరిగా చెప్పిరి, ఇద్దరు ముగ్గురితో చెప్పిరి, చివరకు సంఘ కూడికలో ఓటు తీసికొని పేరు కొట్టివేసిరి. ఆ క్రమమును నేను తప్పు పట్టుటలేదు. పాపమును పాపమని చెప్పని సంఘము ఎవరికిని మేలు చేయదు. అయితే అటుపైన మూడేండ్లు ఎవరును ఆయన గడప తొక్కలేదు. ఆయన త్రాగుడు మాని పదునాలుగు నెలలైనదన్న సంగతి సంఘమునకు కూరగాయల అంగడిలో తెలిసినది! ఆదివారము భార్యను, పిల్లలను స్కూటరుమీద దించి, ఆరాధన ముగియువరకు ఆయన మందిరము ఎదుటి వేపచెట్టు క్రింద నిలుచుండును. పాటలు అక్కడికి వినబడును.

స్వగ్రామములో అయితే ఒక సంఘము కాకున్న మరొకటి, అన్నదమ్ములు కాకున్న మేనమామలు ఉందురు. ప్రవాసములో తెలుగు సంఘమే చుట్టము, సంఘమే ఊరు. అక్కడ పేరు కొట్టివేయబడినవాడు పిల్లల పెండ్లికిని, చావుకును ఒంటరియే. కొరింథులో ఒకనికి విధించిన శిక్ష ఇక చాలునని, అతడు అధిక దుఃఖములో మునిగిపోకుండ క్షమించి ఆదరించవలెనని పౌలు వ్రాసినది ఇందుకే. చాలు అని చెప్పవలసినది సంఘమే, శిక్ష పొందినవాడు కాడు.

ఆయనను చేర్చుకొను మాట వచ్చినప్పుడు కొందరు, అందరియెదుట నిలువబడి ఎన్నిసార్లు త్రాగెనో, ఎవరితో త్రాగెనో, ఇంట ఏమి జరిగెనో సమస్తము చెప్పవలెననిరి. పదునాలుగేండ్ల కుమార్తె మూడవ వరుసలో కూర్చుండి వినుచుండగా! దీనినే నేను జెట్టులో పిన్ను అనుచున్నాను. దేవునియెదుట అతడు పశ్చాత్తాపపడెనా, మానెనా, సంఘముతో సమాధానము కోరుచున్నాడా అని అడుగుడి. అంతకుమించి గుచ్చినచో అతడు తిరిగి వచ్చినను వెనుకటి మనిషి కాడు, ఆ పిల్ల అసలే రాదు.

1878 జూలై 3న గుండ్లకమ్మ దగ్గర వెల్లంపల్లిలో ఒక్క దినముననే 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన సంగతిని మనము ప్రతి వార్షికోత్సవములోను చెప్పుకొందుము. చెప్పుకొనవలసినదే. గాని తిరిగి చేర్చుకొనబడినవారి లెక్కను ఏ వార్షిక నివేదికలోను నేను చదువలేదు. మన ఫారములో ఆ గడియే లేదు.

జీపు సంగతి ముగించుటకు ఒక మాట. అన్నియు బిగించిన తరువాత ఉస్తాద్ ఐడిలింగు స్క్రూను వ్రేళ్లతో మెల్లగా చివరివరకు మూసి, ఒకటిన్నర చుట్టు తెరచి, ఇంజను వేడెక్కువరకు దానిని మరల ముట్టలేదు. తరువాత పావు చుట్టు ఇటు, పావు చుట్టు అటు త్రిప్పుచు చెవితో సరిచేసెను. పదిహేను దినములు నడిపి మరల తెమ్మని చెప్పి పంపెను.

పైన చెప్పిన సంఘములో త్రైమాసిక కూడిక దగ్గరపడుచున్నది. అంతకుముందే డీకనులు ఇద్దరు ఆ సహోదరుని ఇంటికి వెళ్లి, నేలమీద కూర్చుండి, పెట్టినది భుజించి, ఆయనతో ప్రార్థించి రావలెనని పెద్దలకు వ్రాసియున్నాను. ఓటు తీసికొను దినమున ఆయన మందిరములో భార్య ప్రక్కన కూర్చుండియుండవలెను, వేపచెట్టు క్రింద కాదు.